సీటు మార్చారు, ఇక ఒళ్ళు అలవాటు పడాలి

(ఔట్ పేషెంట్ హాలులో రోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగం)



ఈ రోజు మనం సైకిల్ గురించి మాట్లాడుకుందాం. ఆసుపత్రిలో సైకిల్ గురించి మాటలేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. మోకాళ్ళ నొప్పితో, నడుము నొప్పితో, చేతుల తిమ్మిరితో ఇక్కడికి వచ్చేవారిలో చాలామంది సైకిల్ మీద బ్రతికేవారే. పాలు పోసేవారు, కూరగాయలు అమ్మేవారు, పేపరు వేసేవారు, పొలానికి, మిల్లుకు వెళ్ళేవారు ఉన్నారు. బడికి వెళ్ళే పిల్లలు కూడా ఉన్నారు. డాక్టరుగారు చూసి మందు రాస్తారు. ఫిజియోథెరపీ వారు వ్యాయామం నేర్పి, "మీ సీటు చాలా కిందికి ఉంది, పైకి లేపించండి" అని కొలత చెప్పి పంపుతారు. సైకిల్ షాపులో పానాతో రెండు నిమిషాల్లో ఆ పని అయిపోతుంది.

అసలు కష్టం ఆ తరువాతే మొదలవుతుంది. మూడు రోజులు తొక్కగానే "ఇదేదో తేడాగా ఉంది, తొడలు పట్టేశాయి, పాతదే బాగుంది" అంటారు. నాలుగో రోజు పానా తీసుకొని సీటును మళ్ళీ కిందికి దించేస్తారు. నెల తిరగకముందే అదే మోకాలితో మళ్ళీ ఇదే బెంచీ మీద కూర్చుంటారు. అందుకే ఈ మాటలు రోగికంటే ముందు మీకు చెబుతున్నాను. ఆ మొదటి నెల ఇంట్లో పక్కన ఉండేది మీరే.

సీటు ఎత్తుకు, మోకాలికి సంబంధం ఏమిటి?

నెమ్మదిగా తొక్కేవారి పెడల్ కూడా నిమిషానికి సుమారు 60 సార్లు తిరుగుతుంది. అంటే అరగంటలో ఒక్కో మోకాలు 1,800 సార్లు మడిచి చాచినట్టు. సీటు బాగా కిందికి ఉంటే మోకాలు ఎప్పుడూ ఎక్కువగా మడిచే ఉంటుంది. అలా మడిచి ఉన్న కాలితో గట్టిగా తొక్కినప్పుడు మోకాలిచిప్ప వెనుక ఎముకకు ఎక్కువ ఒత్తుకుంటుంది. ఒక్కసారికి ఏమీ కాదు. రోజుకు వేల సార్లు, దానికి తోడు వెనుక క్యారియర్ మీద పాల క్యాన్లు ఉంటే చిప్ప ముందు నొప్పి పుడుతుంది.

సీటు మరీ ఎత్తైనా కష్టమే. పెడల్ అందక కాలు సాగదీయాలి. మోకాలి వెనుక నరాలు లాగుతాయి. పిరుదులు అటూ ఇటూ ఊగుతాయి, దానితో నడుము పట్టేస్తుంది.

సరైన ఎత్తు ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. పెడల్ అడుగుకు వెళ్ళినప్పుడు మోకాలు పూర్తిగా చాచుకోకుండా సుమారు 25 నుండి 35 డిగ్రీలు మడిచి ఉండాలి. అంటే కాలు దాదాపు తిన్నగా, కొంచెం వంపుతో ఉంటుంది. ఇంట్లో చూసుకోవడానికి సులువైన పద్ధతి ఒకటి చెబుతాను. సైకిల్‌ను గోడకు ఆనించి, ఒకరు గట్టిగా పట్టుకోండి. రోగి ఎప్పుడూ వేసుకునే చెప్పులతోనే సీటు మీద కూర్చొని మడమను పెడల్ మీద పెట్టాలి. పెడల్ అడుగున ఉన్నప్పుడు కాలు సరిగ్గా తిన్నగా రావాలి, నడుము పక్కకు వాలకూడదు. తొక్కేటప్పుడు మడమ బదులు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి కావలసిన వంపు దానంతట అదే వస్తుంది.

లెక్క ఇష్టపడే పిల్లలు మీ ఇంట్లో ఉంటే మరో పద్ధతి ఉంది. చెప్పులు లేకుండా గోడకు ఆనుకొని నిలబడి, కాళ్ళ మధ్య ఒక పుస్తకాన్ని పైకి గట్టిగా ఆనించి, నేల నుండి పుస్తకం పై అంచు వరకు కొలవండి. ఆ కొలతను 0.883తో గుణించండి. పెడల్ చక్రం మధ్య ఇరుసు నుండి సీటు పైభాగం వరకు అంత ఉండాలి. కొలత 80 సెంటీమీటర్లు వస్తే సీటు సుమారు 70.6 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఇది మొదలుపెట్టడానికి ఒక అంచనా మాత్రమే. ఫిజియోథెరపీ వారు చూసి చెప్పిన కొలత వేరుగా ఉంటే వారి మాటే వినండి.

సరిగ్గా మార్చినా ఎందుకు తేడాగా ఉంటుంది?

పదేళ్ళు కింది సీటు మీద తొక్కిన మనిషి ఒళ్ళు ఆ పద్ధతినే నేర్చుకొని ఉంటుంది. ఏ కండరం ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో మెదడుకు పాఠం వచ్చేసింది. ఇప్పుడు సీటు రెండు అంగుళాలు పెంచితే ఆ పాఠం మారుతుంది. తొడ వెనుక కండరాలు, పిరుదుల కండరాలు, పిక్కలు ఇదివరకు చేయని పని చేయాలి. కొత్తగా పని చేసిన కండరం ఆ రోజు కాకుండా మర్నాడు, రెండో రోజు ఎక్కువ నొప్పి పెడుతుంది. మొదటిసారి వరి నాట్లకు వెళ్ళినవారికి మర్నాడు తొడలు పట్టేసినట్టే ఇదీ. దీనితో భయం లేదు, అయిదారు రోజుల్లో తగ్గిపోతుంది.

కండరాల కంటే వాటిని ఎముకకు కట్టే స్నాయువులు నెమ్మదిగా అలవాటు పడతాయి. వాటికి వారాలు పడుతుంది. అందుకే "కాళ్ళ నొప్పి తగ్గింది కదా" అని రెండో వారంలోనే పూర్తి బరువు వేసుకొని బయలుదేరకూడదు.

ఈ సంగతిలో పెద్ద పెద్ద పందెగాళ్ళకు కూడా తేడా లేదు. బెల్జియం దేశపు ఎడ్డీ మెర్క్స్ టూర్ డి ఫ్రాన్స్ పోటీని అయిదుసార్లు గెలిచినవాడు. 1969లో ఫ్రాన్సులోని బ్లోయిస్ పట్టణంలో జరిగిన పందెంలో ఆయన ఘోరంగా పడిపోయాడు. ఆయన ముందు మోటారు బండి నడిపిన వ్యక్తి ఆ ప్రమాదంలో చనిపోయాడు. మెర్క్స్ తుంటి ఎముకకు దెబ్బ తగిలింది, నడుము నొప్పి ఆయనను వదలలేదు. ఆ తరువాత కొద్దిపాటి తేడా కోసం సీటును మాటిమాటికీ సరిచేసుకుంటూ ఉండేవాడు. అయినా 1972లో మెక్సికోలో ఒక్క గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు స్థాపించాడు. దెబ్బ తగిలిన ఒంటికి సీటులో చిన్న తేడా కూడా పెద్దగా తెలుస్తుంది. మన ఇంట్లో మనిషి "తేడాగా ఉంది" అంటే అది సాకు కాదు, నిజంగానే తెలుస్తుంది. కానీ రోజుకొకసారి మారుస్తూ పోతే ఏ మార్పు మేలు చేసిందో, ఏది కీడు చేసిందో మనకు అర్థం కాదు.

మొదటి నెల ఎలా గడపాలి?

సీటు చాలా పెంచవలసి ఉంటే ఒకేసారి పెంచవద్దు. అర సెంటీమీటరు చొప్పున పెంచి, ఒక్కో మెట్టు మీద అయిదారు రోజులు తొక్కనివ్వండి. షాపులో ఒకేసారి పెంచేసి ఉంటే దూరం, బరువు తగ్గించాలి.

మొదటి వారం: రోజూ వెళ్ళే దూరంలో సగం, మోసే బరువులో సగం. వీలైతే రోజు విడిచి రోజు.

రెండవ వారం: దూరంలో ముప్పావు వంతు. బరువు మాత్రం సగమే.

మూడవ వారం: పూర్తి దూరం. బరువులో ముప్పావు వంతు.

నాలుగవ వారం: నొప్పి లేకపోతే పూర్తి దూరం, పూర్తి బరువు.

"సిస్టరు, పాలు పోయకపోతే ఇల్లెలా గడుస్తుంది?" అని మీరు అడుగుతారు. నిజమే. అందుకే పని మానమని చెప్పడం లేదు, బరువు పంచుకోమంటున్నాను. కొడుకు గానీ తమ్ముడు గానీ ఈ నాలుగు వారాలు ఒక క్యాను తీసుకెళ్ళగలడా చూడండి. రెండు క్యాన్లు ఒకేసారి కాకుండా రెండు విడతలుగా వేయవచ్చునేమో చూడండి. వంతెన ఎక్కేచోట, ఎదురుగాలిలో దిగి నడిపించుకు వెళ్ళమనండి. మన మామూలు సైకిళ్ళకు గేర్లు ఉండవు కాబట్టి ఎత్తు ఎక్కేటప్పుడు పడే భారమంతా మోకాళ్ళ మీదే పడుతుంది. నాలుగు వారాలు ఓపిక పడితే ఆ తరువాత ఏళ్ళ తరబడి పని చేసుకోవచ్చు.

కాళ్ళు నేలకు అందవనే భయం

సీటు మళ్ళీ దించేయడానికి నొప్పికంటే పెద్ద కారణం ఈ భయమే. సీటు మీద కూర్చొనే రెండు పాదాలు నేలకు ఆనించడం మనకు అలవాటు. సరైన ఎత్తులో అలా కుదరదు, కాలి వేళ్ళ కొసలు మాత్రమే తగులుతాయి. మన రోడ్ల మీద ఆటోలు, గేదెలు, కుక్కలు అడ్డం వచ్చినప్పుడు పడిపోతామేమోనని భయపడడం సహజం.

దీనికి సీటు దించడం మార్గం కాదు, ఆగే పద్ధతి మార్చుకోవాలి. ఆగేటప్పుడు బ్రేకు వేసి, ఒక కాలు కింది పెడల్ మీద ఉంచి, సీటు మీద నుండి ముందుకు జారి రెండో కాలు నేల మీద పెట్టాలి. బయలుదేరేటప్పుడు ఒక పెడల్‌ను పైకి తెచ్చుకొని, దానిమీద నిలబడినట్టు తొక్కి, ఆ తరువాత సీటు మీదకు ఎక్కాలి. బడి మైదానంలో గానీ, తెల్లవారుజామున ఖాళీ వీధిలో గానీ రెండు మూడు రోజులు ఇరవై సార్లు చొప్పున అభ్యాసం చేయించండి. మీరు పక్కన నిలబడండి. చీర, పంచె, చున్నీ చైనులో పడకుండా చూడండి.

అరవై దాటినవారు, తూలు వచ్చేవారు, పక్షవాతం వచ్చి కోలుకున్నవారు ఉంటే వారికి భద్రతే ముందు. అటువంటివారికి సీటు కొంచెం కిందికే ఉంచమని డాక్టరుగారు చెప్పవచ్చు. తుంటి, మోకాలి ఆపరేషను అయినవారు డాక్టరుగారి అనుమతి లేకుండా సైకిల్ ఎక్కనే కూడదు.

ఎక్కడ నొప్పి? ఏమి చూడాలి?

మోకాలిచిప్ప ముందు నొప్పి ఉంటే సీటు ఇంకా కిందికి గానీ, మరీ ముందుకు గానీ ఉండవచ్చు.

మోకాలి వెనుక లాగుతుంటే సీటు ఎక్కువ పైకి వెళ్ళి ఉండవచ్చు. వెనుక నడుస్తూ గమనించండి. పిరుదులు అటూ ఇటూ ఊగుతుంటే కొంచెం దించాలి.

మోకాలి పక్కన నొప్పి ఉంటే పాదం పెట్టే తీరు చూడండి. పాదం మరీ లోపలికి గానీ బయటకు గానీ తిరిగి ఉండకూడదు. అరికాలి మధ్య భాగంతో కాకుండా బొటనవేలి కింద వెడల్పు భాగంతో తొక్కాలి.

మెడ, భుజాలు పట్టేస్తే, అరచేతులు తిమ్మిరెక్కితే హ్యాండిల్ చూడండి. సీటు రెండు అంగుళాలు పెంచితే, హ్యాండిల్ రెండు అంగుళాలు కిందికి పోయినట్టే. మనిషి ముందుకు వాలి బరువంతా చేతుల మీద వేస్తాడు. అరచేతిలో చిటికెన వేలి వైపు వెళ్ళే నరం నలిగితే చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారతాయి. హ్యాండిల్‌ను కూడా తగినంత పైకి లేపించండి. కడ్డీ బ్రేకులు ఉన్న సైకిల్ అయితే హ్యాండిల్ మార్చిన తరువాత బ్రేకులు సరిచేయించకుండా రోడ్డు ఎక్కవద్దు.

కూర్చునే చోట, మర్మావయవాల దగ్గర తిమ్మిరి వస్తే సీటు ముక్కు పైకి లేచి ఉందేమో చూడండి. సీటు నేలకు సమంగా ఉండాలి. పది నిమిషాలకొకసారి పెడళ్ళ మీద కొద్దిగా లేచి నిలబడమనండి. ఈ సంగతి చెప్పడానికి మగవారైనా ఆడవారైనా సిగ్గుపడతారు. మీరు నెమ్మదిగా అడిగి తెలుసుకోండి. ఇది దాచుకునే జబ్బు కాదు.

షుగరు ఉన్నవారికి పాదాలలో స్పర్శ తక్కువగా ఉండవచ్చు. కొత్త సీటు మీద తొక్కిన రోజుల్లో సాయంత్రం పాదాలు, కూర్చునే చోట చర్మం చూడండి. పొక్కు, ఎరుపు, పుండు ఉంటే వెంటనే చూపించండి. ఇన్సులిన్ వేసుకునేవారు, షుగరు మాత్రలు వాడేవారు జేబులో చక్కెర పొట్లం పెట్టుకోవాలి.

ఇంట్లో చేయవలసిన మూడు చిన్న పనులు

ఒకటి. సీటు కింద గొట్టం మీద పాత ఎత్తు దగ్గర ఒక గీత, కొత్త ఎత్తు దగ్గర మరో గీత పెట్టండి. గోళ్ళ రంగు చాలు. మన ఇళ్ళలో సైకిల్ ఒక్కరిది కాదు. పొద్దున నాన్న, తరువాత కొడుకు, సాయంత్రం బావమరిది తొక్కుతారు. ఎవరు మార్చుకున్నా మళ్ళీ రోగి గీత దగ్గరకు తెచ్చి పెట్టాలి.

రెండు. సీటు గొట్టం ఫ్రేము లోపల తగినంత ఉందో చూడండి. గొట్టం మీద కంపెనీ పెట్టిన గీత ఉంటే అది బయటకు కనపడకూడదు. గీత లేకపోతే కనీసం మూడు అంగుళాలు లోపల ఉండాలి. గొట్టం పొట్టిదైతే పొడవైనది కొని వేయించండి. చివరి దాకా బయటకు లాగి బిగించిన గొట్టం దారిలో వంగినా విరిగినా మనిషి పడిపోతాడు.

మూడు. పిల్లల పాత నోటు పుస్తకంలో రోజూ ఒక్క వరుస రాయండి. తేదీ, ఎంత దూరం, ఎంత బరువు, ఎక్కడ నొప్పి, పదిలో ఎంత. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆ పుస్తకం తీసుకురండి. "బాగానే ఉంది సిస్టరు" అనే మాటకంటే ఆ వరుసలే డాక్టరుగారికి ఎక్కువ ఉపయోగం. మార్పు ఏదైనా ఒక్కటే చేయండి, చేసి వారం చూడండి.

ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి రావాలి?

మోకాలు వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే. మోకాలు మడతలో ఇరుక్కుపోయి చాచలేకపోతే. కాలు మీద బరువు వేయలేకపోతే. సైకిల్ దిగి ఒక రోజు గడిచినా తిమ్మిరి పోకపోతే. రాత్రి నిద్ర లేపేంత నొప్పి ఉంటే తప్పక తీసుకురండి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతున్నా ఆ రోజే చూపించండి. దానితో ఆయాసం కూడా ఉంటే అత్యవసరం. నడుము నొప్పితో పాటు కూర్చునే చోట స్పర్శ పోయినా, మూత్రం, మలం మీద అదుపు తప్పినా ఒక్క గంట కూడా ఆలస్యం చేయవద్దు. ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. ఇవి సీటు సర్దితే పోయేవి కావు.

మీరు తరచుగా అడిగే ప్రశ్నలు

నొప్పి తైలం రాసి, మాత్ర వేసుకొని తొక్కవచ్చా?
తైలం రాసుకోవచ్చు. మందుల షాపులో అడిగి కొన్న నొప్పి మాత్ర వేసుకొని బరువు మోయవద్దు. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో తెలియదు. ఆ మాత్రలు రోజుల తరబడి వాడితే కడుపుకు, మూత్రపిండాలకు చేటు.

మెత్తని సీటు కవరు వేస్తే సరిపోతుందా?
కూర్చోవడానికి కొంత హాయిగా ఉంటుంది, మోకాలికి మేలేమీ లేదు. లావు కవరు వేస్తే సీటు ఎత్తు కూడా పెరుగుతుందని గుర్తుంచుకోండి, ఎత్తు మళ్ళీ చూసుకోవాలి.

పాప ఎదుగుతోంది. పెద్ద సైకిల్ కొంటే నాలుగేళ్ళు వస్తుంది కదా?
అందని సైకిల్ మీద పిల్ల నడుము ఊపుతూ తొక్కుతుంది, ఆపలేక పడుతుంది. ఇప్పటి ఎత్తుకు తగినది కొనండి. ఎదిగే పిల్లలకు మూడు నెలలకొకసారి సీటు కొలత చూడండి.

నెల దాటింది, ఇంకా కుదరలేదు. పాత ఎత్తుకే వెళ్ళవచ్చా?
మీరే దించవద్దు. సైకిల్‌తో సహా రండి. కాళ్ళ పొడవులో తేడా ఉండవచ్చు, మోకాలి అరుగుదల ఎక్కువ ఉండవచ్చు. మనిషిని సైకిల్ మీద కూర్చోబెట్టి చూస్తేనే తెలుస్తుంది.

చివరిగా ఒక మాట. నొప్పితో ఉన్న మనిషికి విసుగు వస్తుంది. "నీకు ఓపిక లేదు, డాక్టరు చెప్పింది వినవు" అని మీరు గట్టిగా అంటే పంతంతో ఆ రాత్రే సీటు దించేస్తారు. దానికి బదులు "నాన్నా, ఇంకో పది రోజులే కదా, రేపు ఒక క్యాను నేను వేసొస్తాను" అనండి. భార్య అయితే "ఏమండీ, ఈ వారం మిల్లు దాకానే వెళ్ళండి, తరువాత చూద్దాం" అనవచ్చు. సీటు పెంచడానికి పానా చాలు. పెంచిన సీటు అలాగే నిలవడానికి మాత్రం ఇంట్లోవారి మంచి మాట, పంచుకునే చెయ్యి కావాలి.

 మీ ఇంటివారు త్వరగా కోలుకొని, నొప్పి లేకుండా తమ పని తాము చేసుకోవాలని కోరుకుంటున్నాను.